మధ్యలో మిగిలిన అయిదడుగులు

ఆ ధ్యాన కేంద్రంలో పన్నెండో గది పేరెత్తితే వంటవాళ్లు కూడా వసారా చివరిదాకా వెళ్లరట. గోడలోంచి ఎవరో తడతారు... అంతే. కనబడరు, పలకరు.

బస్సుల టైంటేబుల్ వేసే గుమస్తాకి సరిగ్గా ఆ గదే దక్కింది. నవ్వుకున్నాడు. అతనికి దెయ్యం కంటే అక్కంటేనే భయం. పోయిన నెల పదిమంది ముందు ఆవిడ మీద అరిచాడు. పెంచి పెద్దచేసిన అక్క అప్పట్నుంచి ఫోనెత్తడం లేదు. బావతో ఒక్క కబురు పంపింది: "ఆ మౌన ధ్యానంలో పది రోజులు నోరు మూసుకుని కూర్చుని రమ్మను. మధ్యలో ఒక్క మాట జారినా నాకు తమ్ముడు లేడనుకుంటా."

మొదటి రాత్రే మొదలైంది.

టక్... టక్... టక్.

పక్కన పదకొండో గదిలో ఒక ముసలి దర్జీ ఉన్నాడు. పడుకోవయ్యా మహానుభావా అని అరవాలి — అరిస్తే అక్క దక్కదు. పళ్లు కొరుక్కుని, వేలి కణుపులతో తనూ మూడు దెబ్బలు వేశాడు. ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు... నాలుగు.

నాలుగుకి నాలుగు. అయిదుకి అయిదు. కళ్లు మూసుకుని శ్వాస గమనించమంటే అతను దెబ్బలు లెక్కపెట్టాడు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొట్టేసరికి నూట నలభై. ధ్యానం సున్నా.

రాసి చూపిద్దామంటే కాగితం, కలం మొదటిరోజే పట్టుకుపోయారు. భోజనాల దగ్గర దర్జీని కాల్చేసేలా చూశాడు. దర్జీ అంతకంటే ఘాటుగా చూశాడు. చేసేదంతా చేస్తూ పైగా ఆ చూపొకటి! ఆరో రాత్రి మాట నాలుక చివరిదాకా వచ్చింది. దుప్పటి నోట్లో కుక్కుకుని మింగేశాడు.

పదో రోజు పొద్దున మౌనం విడిచారు. ఫోన్లు తిరిగిచ్చారు. అతను నేరుగా దర్జీ దగ్గరికే వెళ్లాడు.

"ఏం పెద్దాయనా, రాత్రంతా గోడకి కుట్లు వేశారా?"

"బాగుంది వరస. దొంగే దొంగ దొంగ అని అరిచాడట. కొట్టింది నువ్వు. నేను జవాబిచ్చా... మూడుకి మూడు."

"నేనూ... మూడుకి మూడే."

ఇద్దరూ ఒకేసారి గదులవైపు తిరిగారు.

గుమస్తాకి తన గది వెడల్పు కంఠతా వచ్చు — ఏడడుగులు. దర్జీ గదిలోకి వెళ్లి పాదానికి పాదం ఆనించి నడిచాడు. అదీ ఏడే. మొత్తం పద్నాలుగు. గోడలకి ఒకటి వేసుకున్నా పదిహేను. బయట వసారాలో రెండు గదుల వెంట ఈ మూల నుంచి ఆ మూలకి నడిచాడు... ఇరవై.

"మళ్లీ చూడు," అన్నాడు దర్జీ, గొంతు తగ్గించి.

మళ్లీ ఇరవై. రెండు తలుపుల మధ్య అయిదడుగుల మేర... గోడ సున్నం మిగతాదానికంటే కొంచెం తెల్లగా ఉంది.

చేతిలో ఫోన్ మోగింది. అక్క. తనంతట తనే చేసింది.

"నోరు జారలేదుగా? సరే... ఇప్పుడు మాట్లాడరా."

తెల్లటి గోడ లోపల్నుంచి... టక్.

"ఒరేయ్... మాట్లాడరా."

పది రోజులు బిగబట్టిన నోరు. తెరిచాడు — మాట పెగల్లేదు.