ఫౌండేషన్ పంచిన జపమాలలు

"వాషింగ్టన్ పక్కన హెర్న్‌డన్‌లో క్యాథలిక్ స్కూల్. సగంమంది పేరెంట్స్ డిఫెన్స్ ఆఫీసుల్లో పనిచేస్తారు," అన్నాడు ఏజెన్సీ చీఫ్ శశికాంత్. "మ్యూజిక్, లాంగ్వేజ్ క్లాసులు ఒక ఫారిన్ కల్చరల్ ఫౌండేషన్ ఫ్రీగా నడుపుతోంది. ఈరోజు పిల్లల చేత దొంగచాటుగా మాటలు వినే మైకులు ఇళ్లకి పంపిస్తున్నారని టిప్."

"ఎలా పంపిస్తారు సార్?" అంది ఏజెంట్ రూతు.

"ఫౌండేషన్ డైరెక్టర్ ఎలీనా చెబుతుంది. సీక్రెట్‌గా మన మనిషే, తెలుగు కూడా నేర్చుకుంది. కోడ్ వర్డ్, గోంగూర."

బడ్జెట్ లేదని గవర్నమెంట్ స్కూళ్లు ఎత్తేసిన సంగీతాన్ని ఇక్కడ పరాయి దేశం నేర్పుతోంది. సామ్రాజ్యం ముసలిదైతే ఇంతే, పిల్లల్ని పక్కింటివాళ్లు పెంచుతారు. రూతుకి ఈ పని నచ్చలేదు. ఒంగోల్లో ఆమె అమ్మమ్మ చేత అక్షరాలు దిద్దించింది అమెరికన్ మిషనరీ దొరసానులే మరి.

రూతుది సబ్‌స్టిట్యూట్ టీచర్ వేషం. చెవిలో ఇయర్‌పీస్. చాపెల్ గుమ్మం దగ్గర ఆకుపచ్చ సిల్క్ డ్రెస్‌లో ఎలీనా మెరిసిపోతోంది.

"లంచ్‌లోకి గోంగూర తెచ్చారా?" అంది రూతు.

"తెచ్చానక్కా, పులుపు తక్కువ." ఎలీనా గొంతు తగ్గించింది. "మైకులు ట్యాబ్లెట్లలో ఉన్నాయి. లైబ్రరీకి వెళ్లండి, క్విక్."

పక్కనే ట్రేలో, ఫౌండేషన్ పిల్లలకి తెచ్చిన జపమాలలు. క్యాథలిక్ టీచర్‌లా కనిపించాలని రూతు ఒకటి తీసి మెడలో వేసుకుంది. జపమాల పట్టుకోవడం ఆమెకి జన్మలో అదే మొదటిసారి.

ఎలీనా ముఖం మాడిపోయింది. "అయ్యో, ఇక్కడ మెడలో వేసుకోరక్కా, చేతిలో పట్టుకుంటారు! ఇటివ్వండి."

పూసల దండకి ఇంత కంగారెందుకు? రూతు సిలువని పట్టుకుంది. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌లా వెచ్చగా ఉంది.

"ట్యాబ్లెట్లలో ఏమీ లేవు కదా? మైకులు వీటిలోనే!" అంది రూతు.

ఎలీనా చేతిలో లిప్‌స్టిక్‌లా ఉన్న గన్ రూతు పక్కటెముకలకి తగిలింది.

"కదలకండక్కా. మీ తెలుగువాళ్లకి బడులు పెట్టిందెవరు? ఫారినర్సే కదా! మేమూ అదే చేస్తున్నాం. తేడా ఏంటి?"

రూతుకి అమ్మమ్మ గుర్తొచ్చింది. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. అప్పటికే చాపెల్లో మాస్ ప్రార్థన అయిపోయింది. స్కూల్ ఫాదర్ జోసఫ్ గుమ్మం దగ్గరికి వచ్చి, పిల్లలకి పంచడానికి ట్రేలోంచి ఒక జపమాల తీశాడు. పిల్లల లైన్లో ముందున్న భవిత చేయి చాచింది.

రూతు మోచేత్తో గన్‌ని కొట్టింది. గుండు పైకప్పులో దిగింది. భవిత అందుకోబోతున్న జపమాలని లాక్కుని, మెడలోది తెంపి, ట్రేతో సహా అన్నిటినీ బాప్టిజం తొట్టిలో కుమ్మరించింది. పూసలు చిటపటలాడి చల్లారాయి. బయట కాచుకున్న ఏజెంట్లు వచ్చి ఎలీనాని పట్టుకెళ్లారు.

"ఆశీర్వదించిన జపమాలలమ్మా అవి!" అన్నాడు ఫాదర్.

"సారీ ఫాదర్ గారూ. మేం బాప్టిస్టులం. బాప్టిజంలో మాకు నీళ్లు చిలకరించడం తెలీదు, ముంచడమే."

ఆయన నవ్వలేదు. "సోమవారం నుంచి వీళ్లకి పియానో ఎవరు నేర్పుతారు?"

రూతు తల ఎత్తలేకపోయింది. చెవిలో శశికాంత్, "గ్రేట్ జాబ్!" అంటున్నాడు.

"సార్, పరాయి టీచర్‌ని పట్టుకోవడానికి మనకి బడ్జెట్ ఉంది. వీళ్లకి ఒక టీచర్‌ని పెట్టడానికి ఉందా?"

"హలో? సిగ్నల్ కట్ అవుతోంది," అన్నాడు శశికాంత్, చాలా స్పష్టంగా.