తిరగని అరచేయి

వజ్రకూట దుర్గముపై ప్రాతఃకాలపు టెండ పరచుకొనుసరికి, కొండ దిగువ మైదానమంతయు శత్రువుల గుడారములతో తెల్లబడి, ఏరు దాటి వచ్చిన ఏనుగుల ఘీంకారములు కోటగోడలను తాకుచుండెను. రాజవీథిలో అంగళ్లు తెరువలేదు. జనమందరును సభామంటపము వంకకే చూచుచుండిరి; ఏలయన, ఆ ఉదయమున ఓబళభూపతి సేనాపతియగు కేసమనాయకునకు తాంబూలమిచ్చి, దుర్గరక్షణభారమును అప్పగింపవలసియుండెను.

కేసమనాయకుడు మెట్లెక్కుచు కుడిచేతిని ఉత్తరీయమున దాచుకొనెను. గత శరత్తున జరిగిన పోరులో శత్రువు గద ఆ మోచేతిని నుగ్గుచేయగా, ఎముక చర్మమును చీల్చుకొని వెలికి వచ్చెను. బాల్యమిత్రుడును రాజవైద్యుడును అగు నారణభట్టు గాయము కడిగి, ఎముకలు కూర్చి, వెదురుబద్దలతో కట్టెను. ప్రాణము దక్కెను, పుండు మానెను. కాని ఎముకలు వంకరగా అతుకుకొనుటచే మోచేయి సగము వంగి బిగిసిపోయి, అరచేయి ఎల్లప్పుడును నేలనే చూచుచుండెను. ఖడ్గవిద్యను అతడు ఎడమచేత మరల నేర్చెను. తాంబూలమును మాత్రము ఎడమచేత అందుకొనరాదు. కుడి అరచేయి పైకి చాచి అందుకొనుటయే ఆ సింహాసనమునకు సేనాపతి చేయు ప్రమాణము.

భూపతి తాంబూలము చాచెను. నాయకుడు చేయి చాచెను. భుజమునంతయు వంచి త్రిప్పజూచెను, అరచేయి తిరుగలేదు.

"చూచితిరా, ప్రభూ!" అని మంత్రి విస్సనామాత్యుడు నవ్వెను. "నాయకులవారు మనకేదో దానము చేయవచ్చినట్లున్నారు! పుచ్చుకొనుట తలవంపు కాబోలు!"

సభలో కొందరు కిసుక్కుమనిరి.

"ప్రభూ, ఇది గర్వము కాదు, అతుకు చెడిన ఎముక. తమకొరకు విరిగినది. నారణభట్టు ఇచ్చటనే యున్నాడు, అడుగుడు" అని నాయకుడు మనవి చేసెను.

వైద్యుడు తలయెత్తలేదు. "ఎముక చక్కగనే కూడినది, ప్రభూ" అనెను.

గద తాకిననాడు కూడ కేసమనాయకుని మొగము అంతగా వాడలేదు. భూపతి తాంబూలమును మంత్రి అల్లుడగు మాచరాజు చేతిలో నుంచెను. మంటపము వెలుపల నిలిచిన సైనికులకు తెలిసినది ఒక్కటే: తమ నాయకుడు రాజు ఈవిని తిరస్కరించెను.

మధ్యాహ్నము నారణభట్టు నాయకుని యింటికి వచ్చి గడప బయటనే నిలిచెను.

"ఏమిరా భట్టూ, కట్టవలసిన ఎముక ఇంకేదైన మిగిలెనేమో చూడవచ్చితివా?"

"తిట్టుము కేసమా, కొట్టుము. పుండు మానిన తొలిదినములలో అతుకు ఇంకను పచ్చిగానే యుండెను. కట్టు విప్పి, ఎముకలు సరిచేసి, మరల కట్టవలసినది. తెలిసియు చేయలేదు."

"విస్సన భయపెట్టెనా?"

"విస్సన ఒక్కడే యైనచో నీతో చెప్పకపోదునా? ప్రభువులు ఎదుటనే యుండిరి. పోరు ముగిసి నిన్ను పల్లకిలో తెచ్చునపుడు సైనికులు నీకు జయము పలికిరి, ఆయనకు పలుకలేదు. 'ఆ చేయి అట్లే మాననిమ్ము' అని ప్రభువులే అనిరి."

కేసమనాయకుడు వంగిన తన మోచేతిని చూచుకొనెను. గద విసరిన శత్రువుపై అతనికి ఏనాడును కోపము రాలేదు. అది శత్రువు చేయదగిన పనియే. ఎవరి గొడుగు క్రింద ఆ దెబ్బ తినెనో, ఎవరి ఒడిలో తలపెట్టుకొని ఆ నొప్పి నోర్చెనో, వారిద్దరును కలిసి తన చేతిని విరిచిరి.

ఇంతలో వీథిలో కేకలు లేచెను. మాచరాజు ఉత్తరద్వారము తెరపించెను! మామయు అల్లుడును ముందుగనే శత్రువుతో ఒప్పందము చేసికొనియుండిరి.

నాయకుడు గోడనుండి ఖడ్గము తీసెను.

"ఇంకను ఎవరికొరకురా?" అని భట్టు బావురుమనెను.

"నీ ఆలుబిడ్డలు ఏ గోడ లోపల నున్నారురా?" అని నాయకుడు మెట్లు దిగెను.

ఇరుకైన ఆ ద్వారమున ఎడమచేతి కత్తిని ఎదుర్కొనుట శత్రువులకు అలవాటు లేదు. చెదరిన సైనికులు అతనిని చూచి మరలివచ్చిరి. అతడు వెలుపల నిలిచి, "తలుపులు మూయుడు! నాకై చూడవలదు!" అని అరచెను. వారు ఏడ్చుచు మూసిరి.

దుర్గము దక్కెను. శత్రువు ఏటి వరకు వెనుదిరిగిన పిమ్మట, ఓబళభూపతి పాదరక్షలు లేక ద్వారము వెలుపలికి వచ్చి, నాయకుని శవము ప్రక్క మోకరిల్లెను. తాంబూలము నుంచుటకై ఆ కుడిచేతిని రెండుచేతుల పట్టి త్రిప్పజూచెను. ఆకులు ధూళిలో జారిపడెను. మరల ప్రయత్నించెను.

అప్పటికే అచ్చట కూర్చుండియున్న నారణభట్టు తలయెత్తి, తొలిసారిగా రాజు కన్నులలోనికి సూటిగా చూచెను.

"తిరుగదు, ప్రభూ. అట్లే మానినది."