పెద్దావిడ తినని చేప

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట, "కాళ్లు!"

ప్రేమ కథకి ఇది గొప్ప ప్రారంభం కాదని నాకూ తెలుసు. కానీ జరిగింది అదే. వేసవి సెలవుల్లో జూలో ఆరు వారాల ఇంటర్న్‌షిప్. మొదటి రోజే ఏడు నిమిషాలు ఆలస్యం. జంతువులకి మేత సిద్ధం చేసే గదిలోకి పరుగున వెళ్లాను. గుమ్మం దగ్గర మందు నీళ్లు పోసిన రబ్బరు తొట్టి ఉంది. అందులో బూట్లు ముంచి లోపలికి రావాలట. నేను దాన్ని ఒక్క గంతులో దాటేశాను.

"కాళ్లు!" అంది మళ్లీ, చేపలు కోస్తున్న కత్తి ఎత్తి పట్టుకుని. "వెనక్కెళ్లి ముంచుకుని రండి. బయటి రోగాలన్నీ ఆ బూట్లతోనే లోపలికొస్తాయి."

"సారీ అండీ. లేటయిందన్న కంగారులో..."

"లేటయితే తిట్లతో పోతుంది. జబ్బులొస్తే ఇక్కడ నూట నలభై ప్రాణాలున్నాయి."

"తిట్టేది ఎవరు?"

"ప్రస్తుతానికి నేనే."

మూలన క్యారెట్లు తరుగుతున్న ముసలి కీపర్ ముసిముసిగా నవ్వాడు. ఆయన్ని జూలో అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆ రోజు నుంచి ఆమెకి నేను "లేటుగారు". ఆమె మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుంది కాబట్టి నాకు ఆమె "టైమ్ మేడమ్". ఆమెది వెటర్నరీ మూడో సంవత్సరం, నాది జువాలజీ రెండో సంవత్సరం. వయసు మాత్రం ఒకటే. మధ్యలో ఒక ఏడాది నేను పరీక్ష తప్పాను. ఆ సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మా ఇద్దరికీ నీటికుక్కల, అంటే ఆటర్ల, కొలను అప్పగించారు. అందులో ఒక మగది, ఒక ఆడది. ఆడదానికి పదిహేనేళ్లు. వాటి లెక్కలో అది పండు ముసలితనం. అందుకే దాన్ని అందరూ పెద్దావిడ అంటారు.

నాలుగో వారంలో పెద్దావిడ దవడ వాచింది. పంటి కింద చీము పట్టిందని జూ డాక్టర్ మేడమ్ తేల్చారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి మాత్రని చేప కడుపులో దూర్చి ఇవ్వమన్నారు.

"నోట్లో పెట్టుకుంది కదా అని టిక్కు కొట్టకండి," అని మరీ మరీ చెప్పారు. "ఆవిడ మహా గడుసుది. తోకతో సహా మింగేదాకా కన్ను తిప్పకూడదు. మందు షీటు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి."

చేప వేసి చూడటం నా పని. అదే సమయంలో అవతలి గట్టున నిలబడి మగది నీళ్లలో ఎంతసేపు మునిగి ఉంటుందో లెక్కపెట్టి తన షీటులో రాయడం ఆమె పని. చివర్లో వచ్చి నా షీటు మీద కూడా సంతకం పెట్టేది.

నా కొంప మునిగింది అక్కడే. చేతిలో స్టాప్‌వాచ్ ఉన్నా ఆమె అంకెల్ని పెదవులతో లెక్కపెట్టుకునేది. మగది నీళ్లలోంచి తల ఎత్తగానే ఏదో పందెం గెలిచినట్టు తనలో తనే నవ్వుకునేది. ఆ నవ్వు కోసం, లేటుగారు అనిపించుకున్న నేను, రోజూ పది నిమిషాల ముందే వచ్చేవాణ్ని.

మందు మొదలైన రోజు పెద్దావిడ చేప మొత్తం తింది. కళ్లారా చూశాను. రెండో రోజు తల కొరుకుతూ రాయి వెనక్కి వెళ్లింది. నేను రెండడుగులు పక్కకి జరిగితే కనబడేదే. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. అవతలి గట్టున ఆమె గొడుగు తెరిచి, తన నెత్తి మీద కాకుండా షీటు మీద పట్టింది. తడుస్తూనే అంకెలు చెప్పుకుంటోంది. నేను చూపు తిప్పుకునే సరికి చేప లేదు. తినే ఉంటుందనుకుని టిక్కు కొట్టాను.

"తిందా?" అంది దగ్గరికొచ్చి, జుట్టు పిండుకుంటూ.

"తింది."

నా మాట మీద సంతకం పెట్టింది.

మూడో రోజూ నాలుగో రోజూ అంతే. వాన లేదు, కానీ ఆమె ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం డాక్టర్ మేడమ్ వచ్చి చూస్తే వాపు కంటి దాకా పాకింది. షీటు తీశారు. వరసగా టిక్కులు, ప్రతి టిక్కు పక్కనా రెండు సంతకాలు.

"మందు సరిగ్గానే పడింది. అయినా పని చెయ్యలేదు," అన్నారు. "ఇక పన్ను తియ్యాల్సిందే. రేపు పొద్దున మత్తు ఇద్దాం."

"ఈ వయసులోనా?" బాబాయ్ గొంతు తగ్గింది. "మళ్లీ లేస్తుందంటారా అమ్మా?"

డాక్టర్ మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చెప్పలేను బాబాయ్," అన్నారు చివరికి.

ఆ షీటుని ఎవరూ అనుమానించలేదు. నేను నోరు మూసుకుంటే చాలు, ఎప్పటికీ ఎవరికీ తెలియదు. చెబితే ఇంటర్న్‌షిప్ మార్కులు పోతాయి. నిజానికి నా భయం అది కాదు. టిక్కుల పక్కన ఆమె సంతకాలున్నాయి. చెబితే ఆమె మళ్లీ నా మొహం చూడదు. చెప్పకపోతే పెద్దావిడ రేపు లేవకపోవచ్చు. డాక్టర్ గది ముందు బెంచీ మీద అరగంట కూర్చుని, లేచి తలుపు కొట్టాను.

లోపల ముగ్గురూ ఉన్నారు. డాక్టర్ మేడమ్ రేపటికి కావలసినవి చెబుతుంటే ఆమె రాసుకుంటోంది. బాబాయ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"మేడమ్, ఆ టిక్కుల్లో మొదటిదొక్కటే నిజం. మిగతా మూడూ చూడకుండా కొట్టాను. తను నా మాట నమ్మి సంతకం పెట్టింది. తప్పు నాది."

డాక్టర్ మేడమ్ షీటు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"చూడకుండా ఏం చేస్తున్నావు? ఫోనా?"

అవునంటే గౌరవంగా బయటపడేవాణ్ని. ఒక అబద్ధం అప్పటికే చాలా దూరం వెళ్లింది.

"కాదు మేడమ్. తనని చూస్తున్నాను."

బాబాయ్‌కి పొలమారింది. రాస్తున్న పెన్ను ఆగిపోయింది.

"తననంటే? మా అక్క కూతుర్నా?" అన్నారు డాక్టర్ మేడమ్.

ఆ చుట్టరికం నాకు అప్పుడే తెలిసింది.

"పిన్నీ!" ఆమె మొహం ఎర్రబడింది. "రికమెండేషన్ అంటారు, ఇక్కడ ఎవరికీ చెప్పొద్దన్నాను కదా!"

"ఇప్పుడదా ముఖ్యం?" డాక్టర్ మేడమ్ అప్పటికే లేచారు. "బాబాయ్, పదండి. ఆ రాయి వెనక చూద్దాం."

రోజూ కడిగే పైపు నీళ్లు అందని సందులో మూడు చేపల వెనక సగాలు దొరికాయి. పెద్దావిడ తల వైపు తినేసి, మాత్ర ఉన్న కడుపుని అక్కడ దాచుకుంది. మత్తు ఆలోచన మానుకుని మందు మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి బాబాయే చేపని మెత్తగా నలిపి, ముద్ద ముద్దగా తినిపించాడు.

నాకు మార్కులు తగ్గాయి, సంతకం పెట్టే హక్కు పోయింది. రోజూ పొద్దున పెన్ను లేకుండా గంటసేపు పెద్దావిడని చూసి, చూసింది నోటితో చెప్పాలి. అదీ శిక్ష.

ఆ రోజు సాయంత్రం కుళాయి దగ్గర బకెట్లు కడుగుతుంటే ఆమె వచ్చింది.

"లోపల ఏదో గొప్ప డైలాగ్ చెప్పాననుకుంటున్నారేమో. నన్ను చూస్తూ దాన్ని మర్చిపోయారంటే అది నాకు పొగడ్త కాదు."

"తెలుసు."

"ఏం తెలుసు? చూడకుండా సంతకం పెట్టినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. మీరు తిందంటే తిందనే అనుకున్నాను. ఎందుకనుకున్నానో ఏమో!"

ఆ ఎందుకో తెలుసుకోవాలని నాకు చాలా ఉంది. అడగడానికి మొహం చెల్లలేదు.

తొమ్మిది రోజులు పని మాటలు తప్ప మరో మాట లేదు. నేను పెద్దావిడని చూశాను. ఎడమ వైపు నమలదు. చేపని రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని గాని మొదలుపెట్టదు. మగది దగ్గరికొస్తే వీపు తిప్పేస్తుంది. అలా చూస్తూంటే ఒక సంగతి తోచింది. అన్నాళ్లూ అవతలి గట్టు వైపు చూసిన నేను ఆమె నవ్వునే చూశాను గాని ఆమెని చూడలేదు. షీటు మీద గొడుగెందుకు పట్టిందో ఒక్కసారీ ఆలోచించలేదు. అందులో రాసింది నమ్మి ఎవరో ఒక ప్రాణానికి మందేస్తారని ఆమెకి తెలుసు. నాకు తెలియలేదు.

చివరి రోజు పెద్దావిడ దవడ మామూలుగా ఉంది. నా గంట నడుస్తుండగా ఆమె వచ్చి బెంచీకి రెండో చివర కూర్చుంది.

"పిన్ని ఫోన్ చేసి అమ్మకి అంతా చెప్పేసింది."

"అంతా అంటే?"

"అంతా అంటే అంతా. సంతకం గురించి నాకు తిట్లు బాగా పడ్డాయి. తర్వాత నీ గురించి అడిగింది."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. గమనించాను, కానీ పైకి అనలేదు.

"ఏమని?"

"'ఆ అబ్బాయి దొరికిపోయాక ఒప్పుకున్నాడా, ఎవరూ అడక్కముందే చెప్పాడా?' అని."

"నువ్వేమన్నావు?"

"ఎవరూ అడగలేదమ్మా, తలుపు కొట్టి మరీ వచ్చి చెప్పాడన్నాను. అంతే, అమ్మ 'ఆదివారం భోజనానికి రమ్మను' అంది."

"రమ్మంటోంది అమ్మగారా, నువ్వా?"

"అబ్బో, దీనికి కూడా రెండు సంతకాలు కావాలా? ఏదీ, ఇటు తిరుగు, చెబుతాను."

"గంట పూర్తవడానికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. పెద్దావిడ ఇప్పుడే చేప అందుకుంది."

ఆమె నవ్వడం వినిపించింది. ఎలా నవ్విందో చూడాలని ప్రాణం కొట్టుకుంది.

"సరే, అటు చూస్తూనే విను," అంది, బెంచీ మీద కాస్త దగ్గరికి జరిగి. "నేనే రమ్మంటున్నాను. నువ్వంటే నాకిష్టం."

ఆ ఎనిమిది నిమిషాలూ నేను పెద్దావిడ మీంచి చూపు తిప్పలేదు. ఆమె కూడా పక్కనుంచి లేవలేదు.