ఉరిమితే ప్లగ్ తీయకండి

"మహారాష్ట్ర ఉల్లా, కర్నూలు ఉల్లా?"

"ఏదైనా కళ్ళు మండేదే."

కోడ్ సరిపోయింది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల గొడౌన్ తలుపు జానెడు తెరుచుకుంది. ఏజెంట్ కెజియా లోపలికి జారింది. బస్తాల మీద, తలకి తువ్వాలు చుట్టుకుని, వ్యాపారి వేషంలో చీఫ్ నిత్యానందం.

"ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయలు సార్. పైగా పాపకి పళ్ళొస్తున్నాయి. వారం నుంచి నిద్ర లేదు."

"దేశానికి కూడా లేదు. విను. ఏలూరు ఫ్లడ్ కంట్రోల్ రూమ్‌లో ఒక కంప్యూటర్ ఉంది. కొల్లేట్లో నీళ్ళు హద్దు దాటితే లంక గ్రామాల్లో సైరన్లు మోగించేది అదే. దాన్ని నడపడానికి లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తున్నారు. లినక్స్‌లో రకాలు బోలెడు. ఏది వెయ్యాలని కమిటీ నెల్లాళ్ళుగా కొట్టుకుంటోంది. ఆ సందట్లో పెలికాన్ ముఠా దూరింది."

"పక్షులు చూడ్డానికొచ్చిన ఆ ఫారిన్ వాళ్ళా?"

"వాళ్ళే. ఈ తుఫాన్లో సైరన్ మూగబోయేలా చేస్తే, రేపు రేవుల్లో, రాడార్లలో అదే పని చెయ్యొచ్చు. వాళ్ళకి ఏలూరు ఒక రిహార్సల్."

కెజియా తల్లి ప్రసన్నకుమారి, ఎనిమిది నెలల పాప కొల్లేటి లంకలోనే ఉన్నారు. వెంటనే ఫోన్ చేసింది.

"అమ్మా, పాపని తీసుకుని షెల్టర్ మేడెక్కెయ్."

"సైరన్ మోగలేదు గదే. అది మోగితే ఊరంతా ఎక్కుతాం. ఇప్పుడే కన్నంటుకుంది దానికి, లేపితే నువ్వొచ్చి ఊపుతావా?"

లైన్ కట్టయింది. నిత్యానందం ఒక ఎర్ర గిలక్కాయ అందించాడు. "పిడి తిప్పితే పెన్‌డ్రైవ్. పాత రకం లినక్స్ మొత్తం, సైరన్ ప్రోగ్రామ్‌తో సహా ఇందులో ఉంది."

"ఇది మా పాపది సార్! పొద్దుట్నుంచీ వెతుకుతున్నాం."

"అనుమానం రాకూడదని. లోపల ఇందుజ అని మన మనిషుంది. ముఠాలో చేరి మనకి కబుర్లు చేరవేస్తుంది. ఆమె చెప్పినట్టు చెయ్యి."

*

కంప్యూటర్ సెంటర్ ట్రైనీ వేషంలో కెజియా కంట్రోల్ రూమ్‌లో అడుగు పెట్టేసరికి యుద్ధం నడుస్తోంది. ఒక పక్క, సాఫ్ట్‌వేర్ నిపుణురాలి హోదాలో ఇందుజ. లేత ఊదా చీర, తలమీదికి నెట్టిన నల్లకళ్ళద్దాలు, గదంతా సెంటు వాసన. రెండో పక్క ఆపరేటర్ ఏడుకొండలు, చంకలో గొడుగుతో.

"మీ పాత పద్ధతి రేషన్ షాపు క్యూ అండీ," అంటోంది ఇందుజ. "మిషన్ లేచేటప్పుడు ఒక పని అయితే గానీ రెండోది మొదలవదు. ముందువాడు నిద్రపోతే అందరూ నిలబడాలి. కొత్తదాంట్లో ఎవరి పిలుపు వస్తే వాళ్ళు లేస్తారు. పది సెకన్లు!"

"క్యూ అయితే ఎవడు నిద్రపోయాడో కనపడుద్దండీ. మీదాంట్లో లేచేదాకా తెరమీద తిరిగే బొమ్మ తప్ప ఏం కనపడుద్ది?"

"మీరు ఎడ్లబండి మీద ఆఫీసుకొస్తారా?"

"బస్సు రాకపోతే వస్తానండీ."

కెజియా ఆవులింత ఆపుకుంది. ఎవరు గెలిస్తే ఏమిటి? పాప మేడెక్కితే చాలు. గోడమీద నీటిమట్టం మీటరు హద్దుకి చేరువగా పాకుతోంది. తమ్మిలేరు వాగు నీళ్ళు కొల్లేట్లో పడుతున్నాయి.

అప్పుడు ఉరిమింది.

"అయ్యో, ప్లగ్గులు తీసెయ్యండి ఏడుకొండలు గారూ! కాలిపోతాయి!" అంది ఇందుజ.

ఏడుకొండలు చెయ్యి అప్పటికే ప్లగ్ మీదుంది. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా అంతే. ఉరిమితే ముందు టీవీ ప్లగ్, తరవాత కేబుల్ వైరు, ఆ తరవాతే పిల్లలు. కెజియా చెయ్యి కూడా తనకి తెలియకుండానే మోడెమ్ వైరు మీదికి వెళ్ళింది.

వైరు కాస్త లాగి, అక్కడే ఆగిపోయింది.

మేడమీద పిడుగు కడ్డీ ఉంది. తుఫాన్లో ఆగకూడదనే ఈ గది కట్టారు. ఇందాకట్నుంచీ సెకన్లు లెక్కపెడుతున్న మనిషి మిషన్ ఆపమంటుందేమిటి?

"ఆపకండి బాబాయ్ గారూ!"

ప్లగ్ ఊడి వచ్చేసింది. యూపీఎస్ మీట కూడా నొక్కేశాడు. తెర నల్లబడింది.

"ఏం పర్లేదు," ఇందుజ నవ్వింది. "ట్రయల్‌కని నేను వేసిన కొత్త రకమేగా, మళ్ళీ పెడితే పది సెకన్లలో లేస్తుంది."

కెజియాకి అర్థమైంది, ఇందుజ నిజంగానే ముఠా మనిషి. మళ్ళీ లేవడమే వాళ్ళకి కావాలి. లేచేటప్పుడు, ఆ బొమ్మ వెనక, సైరన్‌ని చంపే పని ఒకటి కాచుకుని ఉంది. మిషన్ ఆపింది మాత్రం లోకమంతా నమ్మే ఏడుకొండలు, కాబట్టి ఇందుజ మీద అనుమానం రాదు. ఇందుజది జంగారెడ్డిగూడెం. ఉరిమితే ఇక్కడివాళ్ళ చెయ్యి ఎటు పోతుందో ఆమెకి తెలుసు.

కెజియా గిలక్కాయ పిడి తిప్పి మిషన్‌కి గుచ్చింది. "ఇప్పుడు ప్లగ్ పెట్టండి. మిషన్ దీన్నుంచి లేస్తుంది."

తెరమీద బొమ్మ రాలేదు. తెల్లటి అక్షరాలు ఒక్కో వరసే దిగాయి. కీబోర్డ్, ఓకే. డిస్క్, ఓకే. నెట్‌వర్క్...

నెట్‌వర్క్ దగ్గర నిలబడిపోయింది.

మీటరు హద్దు దాటింది. ఇందుజ హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. "తీసెయ్ దాన్ని."

"ఒక్క నిమిషం ఆగండి. క్యూలో ఉన్నాం," అంది కెజియా. భయపడ్డానికి కూడా ఓపిక లేదు. మోడెమ్ వంక చూసింది. వైరు సగం ఊడి ఉంది. ఇందాక తన చెయ్యి చేసిన పనే. ఎక్కడాగిందో తెర చెప్పబట్టి తెలిసింది. మోచేత్తో వైరు లోపలికి తోసింది.

నెట్‌వర్క్, ఓకే.

ఇందుజ ట్రిగ్గర్ మీద వేలు బిగించింది. ఏడుకొండలు గొడుగు ఆమె మణికట్టు మీద పడింది. గుండు గోడ గడియారాన్ని తాకింది.

సైరన్, ఓకే.

నెత్తిమీద మేడ అదిరేలా మోత. ఆ క్షణంలోనే కొల్లేటి లంకలన్నీ మోగుతుంటాయని కెజియాకి తెలుసు. అయినా ఫోన్ వచ్చేదాకా తెర ముందునుంచి కదల్లేదు.

"షెల్టర్ ఎక్కామే," తల్లి గొంతు. "నీళ్ళు మన వాకిట్లోకొచ్చేశాయి. ఇది లేచి ఒకటే ఏడుపు. గిలక్కాయేదీ?"

"కొంచెం పనిలో ఉందమ్మా."

ఇందుజని జీపెక్కించాక నిత్యానందం చెమర్చిన కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు, ఇంకా ఉల్లిపాయల వాసనతో. "వరద తీసేదాకా ఆ గిలక్కాయ పీకడానికి వీల్లేదు. కమిటీ వాళ్ళు మళ్ళీ మొదలెట్టారు. పాత పద్ధతా, కొత్త పద్ధతా? రిపోర్ట్‌లో ఏం రాయమంటావు?"

కెజియా కుర్చీలో వాలి కళ్ళు మూసుకుంది.

"పాప పడుకునే పద్ధతి ఏదైతే, అది రాయండి సార్."