అన్‌ఫిట్

పొద్దున్నే మిషన్ ముందు కూర్చుని సూదికి దారం ఎక్కిస్తూ, టైలరమ్మ తన కొడుకు నిర్వాకం చూస్తోంది. పెద్దోడు ఒక కంచం, ఒక గ్లాసు ముందేసుకుని, పెళ్ళాం గోళ్ళరంగుతో వాటికి ఎర్రచుక్కలు పెడుతున్నాడు. పదో తరగతి పరీక్షలకి కూడా ఇంత శ్రద్ధగా కూర్చోలేదు మహానుభావుడు!

చుక్కలు చెల్లెలి కోసం, దాని కంచం, గ్లాసు ఇంకెవరూ వాడకుండా. చిన్నది ఆరేళ్ళు పరాయి దేశంలో బేకరీలో పనిచేసింది. పర్మిట్ పొడిగించడానికి రక్తపరీక్ష చేస్తే హెచ్ఐవీ అని తేలింది. బయటివాళ్ళకి ఆ జబ్బుంటే అక్కడ ఉండనివ్వరట. ‘అన్‌ఫిట్’ అని ముద్ర కొట్టి విమానం ఎక్కించేశారు. ఆరేళ్ళు దాని చేతి రొట్టె లొట్టలేసుకుంటూ తిన్న పెద్దమనుషులు!

"ఏంట్రా ఆ ముగ్గు?"

"ముందు జాగ్రత్తమ్మా. అంత పెద్ద దేశం ఊరికే గెంటేస్తుందా?"

"ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, మాత్రలు వేసుకుంటే అందరిలాగే బతుకుతుందని డాక్టరు నీ ముందే చెప్పిందిగా!"

"చెప్తారు. రేపు పోయేది మన పరువు."

"నీకు పరువు కూడా ఉందా? నాకు చెప్పనేలేదే!"

గుమ్మంలోంచి చిన్నది అంతా వింది. "వదిలెయ్యమ్మా. ఎలాగూ నేను అన్‌ఫిట్టే."

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "జాకెట్టు పట్టకపోతే మనిషిని కోస్తామటే? కుట్టు విప్పుతాం. కొలత తీసినోడిదే తప్పు. రా ఇటు, చిక్కిపోయావు, కొత్త కొలతలు తీస్తాను."

టేపు నడుము చుట్టూ తిప్పగానే చిన్నది భోరుమంది. "పరీక్ష అయ్యాక గ్లౌజుల్లేని చెయ్యి నా మీద పడటం ఇదేనమ్మా."

టైలరమ్మ చెయ్యి ఆగిపోయింది. మొన్న కూతురు వచ్చినప్పుడు ఇదే గుమ్మంలో తను పెట్టె అందుకుంది గానీ, పిల్లని దగ్గరికి తీసుకోలేదు. కొడుకునేమో ఇంతసేపు దులిపింది! కూతుర్ని గట్టిగా కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి ముక్కు చీది, "ఒరేయ్ వీరుడా, భుజం దగ్గర టేపు పట్టుకో" అంది.

పెద్దోడు రంగు సీసా పక్కన పెట్టి, నసుగుతూ వచ్చి పట్టుకున్నాడు.

"అన్నయ్యా, అంటుకుంటోంది" అంది చిన్నది.

వాడు అదిరిపడి చెయ్యి లాక్కున్నాడు. చెల్లెలి తెల్లచొక్కా భుజం మీద వాడి ఎర్రటి వేలిముద్రలు.

"దానిది నీకు కాదురా వెధవా, నీదే దానికి అంటింది!"

పెద్దోడు తన వేళ్ళకేసి చూసుకున్నాడు. తల వంచుకునే మళ్ళీ చెల్లెలి భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి తియ్యలేదు.