వెనక్కి తిరిగిన ఇంజన్

షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో శనివారం సాయంత్రాలు హనుమాన్ చాలీసా పారాయణ జరుగుతుంది. పారాయణ అయ్యాక పులిహోర, పులిహోర తర్వాత నా కబుర్లు. ఎదురుగా నలుగురు కూర్చుని వింటుంటే నాకు అన్నం కూడా అక్కర్లేదని మా ఆవిడ వసుమతి ఊరందరికీ చెప్పి నవ్వుతుంది. అలా వినేవాళ్ళలో, ఈమధ్యే ఉద్యోగంలో చేరి కారు కొనుక్కున్న పిల్లలు నన్ను తరచూ ఒక మాట అడుగుతున్నారు. "పరంధామయ్య అంకుల్, ఇదివరకు అందరి బళ్ళకీ పూజ మీరే చేసేవారట కదా. మా కారుకి ఎందుకు చెయ్యనంటున్నారు?"

చెబుతాను. కాస్త దగ్గరగా జరగండి. ఆ మెట్ల మీద లైటు మాత్రం ఆర్పకండి.

నీరజ్ అని ఒక కుర్రాడు వచ్చేవాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. చాలీసాకి చిడతలు వాయించేవాడు, ప్రతిసారీ తాళం తప్పేవాడు, తప్పినప్పుడల్లా నా వంక చూసి నాలుక కరుచుకునేవాడు. భార్య తార. ఆ పిల్లా ఇక్కడే పుట్టింది. నాకు పిల్లల్లేరు. ఇద్దరూ శనివారాలు వచ్చి వంటింట్లో గిన్నెలోనే చేతులు పెట్టి పులిహోర తింటుంటే, స్వామి ఆలస్యంగానైనా ఇచ్చాడనుకునేవాడిని.

నీరజ్‌కి స్నోమొబైల్ పిచ్చి. మంచు మీద పరిగెత్తే ఆ బండి తెలుసుగా, ముందు రెండు స్కీలు, కింద పొడుగాటి రబ్బరు పట్టా. పోయిన చలికాలం ఒక కంపెనీ సరికొత్త ఇంజన్‌తో బండి దింపింది. మొదటి విడతలోనే బుక్ చేశాడు. ఉత్తర విస్కాన్సిన్‌లో ఒక సరస్సు ఒడ్డున క్యాబిన్ అద్దెకి తీసుకుని, "అంకుల్, మీరు పూజ చేస్తేనే స్టార్ట్ చేస్తా" అని పట్టుబట్టాడు. వసుమతికి మోకాళ్ళ నొప్పులు. నేనొక్కడినే వాళ్ళతో వెళ్ళాను.

డీలరు బండి తెచ్చి క్యాబిన్ ముందు మంచులో దింపి వెళ్ళాడు. నల్లటి బండి. పసుపు రాశాను, కుంకుమ పెట్టాను. చలికి కర్పూరం అంటుకోవడానికి మొరాయిస్తే తార తన కోటు అడ్డం పెట్టింది. కొబ్బరికాయ కొట్టాను. రెండు స్కీల ముందు రెండు నిమ్మకాయలు పెట్టాను. కొత్త బండి మొదటిసారి ముందుకే కదలాలి, నిమ్మకాయలు చితకాలి, దానితో దిష్టి పోవాలి. మనవాళ్ళందరూ చేసేదే.

"ఊఁ, స్వామిని తలుచుకుని పోనియ్యి" అన్నాను.

నీరజ్ థ్రాటిల్ నొక్కాడు. ఇంజన్ దగ్గింది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ అందుకుంది. బండి వెనక్కి జరిగింది.

అంగుళమో రెండంగుళాలో కాదు. వాకిలి చివరి వరకూ వెనక్కి పోయి ఆగింది. నిమ్మకాయలు పచ్చగా, గుండ్రంగా అక్కడే ఉన్నాయి.

తార పకపకా నవ్వింది. "వెర్షన్ టూ వచ్చేదాకా ఆగుదాం అన్నానా లేదా? మా ఆయనకి అన్నిట్లోనూ ఫస్ట్ ఉండాలి!"

"తారా, ప్లీజ్. సాఫ్ట్‌వేర్ వాళ్ళం మనమే ఇలా మాట్లాడితే ఎలా?" అని నీరజ్ డీలరుకి ఫోన్ చేశాడు. మాట్లాడాక నాకు విడమరిచి చెప్పాడు. ఈ రకం ఇంజన్‌కి వెనక్కి వెళ్ళడానికి వేరే గేరు ఉండదట. రివర్స్ బటన్ నొక్కితే ఇంజన్ దాదాపు ఆగిపోయి, ఎదురు దిక్కుకి తిరగడం మొదలుపెడుతుందట. కొత్త ఇంజన్లు కొన్నింట్లో బటన్ నొక్కకుండానే అలా తిరుగుతోందట. వేడెక్కాక పవర్ పడిపోవడం, నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం, ఇవన్నీ చాలామందికి వస్తున్నాయట. సోమవారం వస్తే అప్‌డేట్ వేస్తామన్నారట.

"అయితే సోమవారం దాకా ముట్టుకోకు నాయనా" అన్నాను. "మొదటి అడుగు వెనక్కి పడింది."

"అంకుల్, అది బగ్. బ్యాడ్ ఓమెన్ కాదు."

రెండోసారి స్టార్ట్ చేస్తే బుద్ధిగా ముందుకి కదిలింది. కానీ వాడు నిమ్మకాయల పక్కనుంచి తిప్పుకుని పోయాడు. మధ్యాహ్నమంతా ఒడ్డున చక్కర్లు కొట్టాడు. ఒక్కసారి కూడా మొరాయించలేదు. భోజనాలయ్యాక నన్నూ ఎక్కమన్నాడు. వెనక ఇంకొకరు కూర్చునే సీటుంది. సరస్సు అవతలి ఒడ్డు దాకా వెళ్ళి వచ్చేద్దామన్నాడు.

తార గుమ్మంలో నిలబడి నా మఫ్లర్ సర్దుతూ అంది. "చీకటి పడేలోపు తీసుకొచ్చెయ్యండి అంకుల్. ఆయన మాట నేను నమ్మను. మిమ్మల్ని నమ్ముతున్నా."

"నీ మొగుణ్ణి తెచ్చి నీ చేతికి అప్పజెప్పే పూచీ నాది" అన్నాను. నవ్వుతూ అన్నాను.

గడ్డకట్టిన సరస్సు మీద వెళుతుంటే, ఏం చెప్పమంటారు, తెల్లటి బట్ట పరిచినట్టు ఎటు చూసినా ఒకటే. అవతలి ఒడ్డు చూసి తిరిగి వస్తున్నాం. సరస్సు నడిమధ్యకి వచ్చేసరికి ఇంజన్ చప్పుడు పలచబడింది. మీటర్ మీద ఎర్రదీపం వెలిగింది. బండి ఈడ్చుకుంటూ నాలుగు బారలు పోయి ఆగింది.

ఆ నిశ్శబ్దం నాకు తెలియని నిశ్శబ్దం. మన ఇళ్ళల్లో ఫ్రిజ్ చప్పుడో, దూరాన రోడ్డు చప్పుడో ఎప్పుడూ ఉంటుంది కదా. అక్కడ నా రక్తం చప్పుడు నాకే వినిపించింది. కాలిన ఆయిల్ వాసన. దాని కింద ఇంకో వాసన... ఎన్నాళ్ళో మూసి ఉంచిన బావి మూత తీస్తే వస్తుందే, అలాంటిది. అంత చలిలో నీటి వాసన ఎలా వచ్చిందో నాకు అంతు పట్టలేదు.

ఫోన్లకి సిగ్నల్ లేదు. నీరజ్ ఇంజన్ మూత ఎత్తి ఏవో కదిపాడు. స్టార్టర్ తాడు లాగి చూశాడు. మళ్ళీ లాగాడు. పొద్దు గుంకుతోంది. ఎక్కడినుంచో పొగమంచు పాకుతూ వచ్చి ఒడ్డున క్యాబిన్ దీపాన్ని మింగేసింది.

నడుం పట్టేస్తోందని నేను దిగి బండి చుట్టూ నడిచాను. అప్పుడు చూశాను. మంచులో అడుగులు. మావి కావు. మేం బూట్లు వేసుకున్నాం. అవి ఉత్త పాదాలు. చిన్నవి, ఆడమనిషివి అనుకోవచ్చు. వేళ్ళు కూడా విడివిడిగా తెలుస్తున్నాయి. బండి వెనక సీటు దగ్గర మొదలై, వేళ్ళు అటు చూపిస్తూ, సరస్సు లోపలికి పోతున్నాయి.

మొదట అనుకున్నదేమిటో చెప్పనా? ఎవరో మా బండి మీంచి దిగి నడిచిపోయారనుకున్నాను. కానీ దిగడానికి ఎక్కిందెవరు?

చిన్నప్పుడు మా నాయనమ్మ పక్కలో పడుకోబెట్టుకుని చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. పోయినవాళ్ళు తిరిగొస్తే పాదాలు వెనక్కి ఉంటాయిరా, అడుగులు చూసి మోసపోకు అనేది. అంటే ఆ అడుగులు వెళ్ళినవి కావు.

వచ్చినవి.

"నీరజ్..." అన్నాను. "బండి వదిలెయ్యి. నడిచి పోదాం."

"ఒక్క నిమిషం అంకుల్. అందుకుంటోంది."

వాడు సీటెక్కి, బండికి ఉండే సేఫ్టీ తాడు కోటుకి తగిలించుకున్నాడు. మనిషి కింద పడితే ఆ తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. అందుకు పెట్టిందది. నేను బండి ముందుకి వచ్చి నిలబడ్డాను. ఇంజన్ దగ్గింది. ఆగింది. అందుకుంది. హెడ్‌లైట్ నా ముఖాన పడింది.

ఆ వెలుగు వెనకనుంచి నీరజ్ గొంతు వినిపించింది. కాస్త విసుగ్గా, కాస్త నవ్వుతూ.

"అంకుల్, అంత గట్టిగా పట్టుకోకండి. ఊపిరాడట్లేదు."

నేను వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"మీ చేతులేంటి ఇంత చల్లగా ఉన్నాయి? గ్లవ్స్ ఏవి?"

"నాయనా... నేనిక్కడున్నాను. నీ ఎదురుగా."

వాడు తలెత్తి నన్ను చూశాడు. హెడ్‌లైట్ వెలుగులో నిలబడ్డ నన్ను చూశాడు. తర్వాత మెల్లగా తల దించి, తన నడుం వైపు చూసుకున్నాడు.

అరవలేదు. చిడతలు తప్పినప్పుడు నా వంక చూసేవాడే... అలాగే చూశాడు. ఏం చెయ్యాలి అంకుల్ అన్నట్టు.

బండి వెనక్కి కదిలింది.

నేను ముందుకి దూకాను. వాడి కోటు పట్టుకుందామని చెయ్యి చాచాను. చేతికి సేఫ్టీ తాడు దొరికింది. ఉన్న బలమంతా పెట్టి లాగాను. ఊడి వచ్చేసింది. బండి వైపు కొక్కెం, కోటు వైపు క్లిప్పు, రెండూ నా గుప్పిట్లోకి వచ్చేశాయి. అది ఊడితే ఇంజన్ ఆగాలి.

ఆగలేదు.

వెనక్కి పోతూనే ఉంది. హెడ్‌లైట్ మాత్రం నన్నే చూస్తోంది. మామూలుగా బండి వెళ్ళిపోతుంటే మనకి వెనక ఎర్రదీపం కనిపిస్తుంది కదా. ఇది అలా కాదు. ముఖం మనవైపే పెట్టి దూరమైపోతోంది. చిన్నదైంది. ఇంకా చిన్నదైంది... పొగమంచులో చుక్కైంది.

మంచు పగిలిన చప్పుడు లేదు. నీళ్ళ చప్పుడు లేదు. అరుపు లేదు. చుక్క ఆరిపోయింది.

చాలీసా అందుకుందామనుకున్నాను. ఊహ తెలిసినప్పటినుంచీ నోట్లో ఉన్న చాలీసా. నోరు తెరిస్తే మొదటి ముక్క రాలేదు. చివరి ముక్క వచ్చింది. దాని ముందుది, దాని ముందుది... నా నాలుక వెనక్కి నడుస్తోంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

అప్పుడు నా కాళ్ళ కింద వెలుతురు వచ్చింది.

మంచు కింద. పచ్చగా, మసగ్గా, ఒక దీపం అడుగునుంచి మెల్లగా వచ్చి, నా బూట్ల కిందుగా సాగి, క్యాబిన్ ఉన్న వైపుకి పోయింది. దానితోపాటు ఇంజన్ కొట్టుకునే అదురు నా అరికాళ్ళకి తెలిసింది.

నేనా దీపం పోయిన దారినే నడిచాను. వేరే దారి తెలియదు మరి. తలుపు తీసిన తార నా వెనక్కి చూసింది. నా చేతిలో తాడు చూసింది.

"ఆయనేరి అంకుల్?"

పూచీ పడ్డవాణ్ణి. తాడు మాత్రం ఆ పిల్ల చేతిలో పెట్టాను.

షెరీఫ్ మనుషులు వచ్చారు. కుక్కలని తెచ్చారు. మంచు తొలిచారు, కింద కెమెరాలు దింపారు. బండి పట్టా గుర్తు సరస్సు మీద వెనక్కి పోయి పోయి, గీత కొట్టేసినట్టు ఒక చోట ఆగిపోయింది. అక్కడ మంచు ఎక్కడా పగల్లేదు, చెక్కు చెదరలేదు. ఉత్త పాదాల సంగతి చెబితే, షాక్‌లో ఉన్నారు సర్ అని దుప్పటి కప్పారు. తాడు ఊడాక కూడా ఇంజన్ నడిచిందని డీలరుకి చెబితే, మిగతావన్నీ మాకు తెలుసు గానీ ఆ కంప్లైంట్ ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదన్నాడు. వాకిట్లో ఉన్న నిమ్మకాయలు రెండూ ఆ మర్నాడు పోలీసు కారు చక్రాల కింద చితికాయి.

మంచు కరిగాక మళ్ళీ వెతికారు. బండీ లేదు, పిల్లాడూ లేడు.

ఇంక అయిపోయిందనుకున్నారా? మీరు లేవకండి. ఇప్పుడే కదా అసలు సంగతి.

ఏప్రిల్‌లో ఒక పొద్దున తార ఫోన్ చేసింది. "అంకుల్, ఒకసారి మా ఇంటికి రండి. గ్యారేజ్ చూడాలి మీరు." ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు. ఏదో ఆశ ఉంది. అందుకే నాకు భయమేసింది.

వెళ్ళాను. బయట గడ్డి పచ్చగా ఉంది. చెట్లు చిగుళ్ళు వేస్తున్నాయి. గ్యారేజ్ పెద్ద తలుపు మూసే ఉంది. లోపల సిమెంటు మీద తడి అడుగులు. బూట్ల అడుగులు. నీరజ్ బూట్ల అచ్చు నాకు తెలుసు, మా గుమ్మం దగ్గర ఎన్ని శనివారాలు చూడలేదు? పెద్ద తలుపు నుంచి వంటింటి గుమ్మం వరకూ ఉన్నాయి. వేళ్ళు బయటికి, మడమలు ఇంటి వైపుకి.

"రోజూ తుడుస్తున్నా అంకుల్" అంది తార, గుసగుసగా, ఎవరో నిద్రపోతుంటే మాట్లాడినట్టు. "మళ్ళీ వస్తున్నాయి. మీరు పెద్దవాళ్ళు, మీకు తెలుస్తుంది. నిజం చెప్పండి. నీరజ్ వెళ్తున్నాడా, వస్తున్నాడా?"

వంగి చూశాను. పెద్ద తలుపు దగ్గర అడుగుల్లో ఇంకా మంచు గడ్డలున్నాయి. వంటింటికి దగ్గరయ్యేకొద్దీ తడి పలచబడుతోంది. బయటినుంచి లోపలికి వచ్చే మనిషి అడుగులే అలా ఆరుతాయి.

"వెళ్తున్నాడమ్మా" అన్నాను. "వెళ్ళిపోతున్నాడు. వెళ్ళనియ్యి. వాకిట్లో దీపం పెట్టు. ఈ ఇల్లు వదిలి కొన్నాళ్ళు మా ఇంటికి వచ్చెయ్యి."

తార తల అడ్డంగా ఊపింది. "మొదటి రోజు ఆ తలుపు దగ్గరే ఉన్నాయి. తర్వాత సగం దాకా. వెళ్ళేవాడైతే రోజూ ఇంత దగ్గరికి ఎలా వస్తాడంకుల్?"

గుమ్మం దాకా నడిచి చూశాను. అడుగులు వంటింటి గుమ్మం ముందు, చెప్పుల స్టాండు పక్కన, బుద్ధిగా జతగా ఆగి ఉన్నాయి. బూట్లు విప్పకుండా ఇంట్లోకి రాడు నీరజ్. ఎప్పుడూ రాలేదు.

"లోపలికి రమ్మని పిలవాలేమో" అంది తార. "పిలవనా?"

వద్దు అనబోయాను. అప్పుడు చూశాను, బూట్ల పక్కనే ఇంకో వరస. చిన్నవి. ఉత్త పాదాలు. వాటి వేళ్ళూ బయటికే ఉన్నాయి.

వాటికి విప్పడానికి బూట్లు లేవు. అవి గుమ్మం దగ్గర ఆగలేదు.