మూడో సీసా

వాసనలు పరీక్షించే ప్రయోగశాలలో ముక్కు పనిచేయనివాణ్ణి నేనొక్కణ్ణే. రెండేళ్ల కిందటి జ్వరం ఒకే వారంలో నా ముక్కునీ, మా ఆవిడనీ పట్టుకుపోయింది. ముక్కు సంగతి ఇక్కడెవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగమూ పోతుంది.

నా పని ఎలుకతో. దాని మెదడులో వెంట్రుకంత తీగ ఉంటుంది. ఏదైనా వాసన తగిలితే స్పీకరు చిటపటలాడుతుంది, తెర మీద గీతలు లేస్తాయి. చూసిందీ విన్నదీ మెదడు గుమ్మంలో కాసేపు ఆగి లోపలికి వెళ్తాయి. వాసన మాత్రం అడిగేవాడు లేనట్టు తిన్నగా జ్ఞాపకాల దగ్గరికి పోతుంది. అయితే కదలకుండా ఉండిపోయిన వాసనని మెదడు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. ఇంట్లో మొగుణ్ణి పట్టించుకోనట్టే, అనేది మా ఆవిడ.

ఆదివారాలు ఎలుకలకి మేత వేసే అవ్వ తప్ప ఎవరూ ఉండరు. మా ఆవిడ దిండు గలీబు వాసనలుంచే సీసాల్లో మూడోదాంట్లో దాచాను. ఆమె వాసన ఇంకా మిగిలుందో లేదో నాకు తెలియదు కదా, ఎలుకనే అడుగుతాను. చిటపటలు వినిపిస్తే ఇంకో వారం గడిపేస్తాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం కిటికీల్లేని గదిలో ఎర్రదీపం వేసుకుని కూర్చున్నాను. ఎలుక ముక్కుకి గొట్టం తగిలించి ముందు శుభ్రమైన గాలి వదిలాను. చప్పుడు లేదు. తర్వాత మూడో సీసా కుళాయి తిప్పాను.

చప్పుడు లేదు.

మళ్లీ తిప్పాను. ఏమీ లేదు. ప్రాణం ఉసూరుమంది. "అయిపోయావా?" అన్నాను సీసాతో. ఇక చేసేదేముందని కుళాయి కట్టేసి, గొట్టం ఊడదీశాను.

చిట్... చిటపట...

ఎలుక పీలుస్తున్నది ఉత్త గది గాలి. తెర మీద గీతలు చూశాను. పోయిన వారం గలీబుకి వచ్చిన గీతలే... అచ్చంగా అవే.

"నువ్వేనా?" అని గొణిగాను.

చప్పుడు పెరిగింది. ఎలుక ముక్కు నా వైపు తిరిగింది... కాదు, నా భుజం వెనక్కి. మెడ తిప్పే ధైర్యం చాల్లేదు. అయినా ఆమె పోకూడదనే అనిపించింది.

మెల్లగా చప్పుడు తగ్గింది. ఆగింది. వెళ్లిపోయిందనుకుని ఏడ్చాను. అప్పుడు గుర్తొచ్చింది... వాసన పోతేనే కాదు, కదలకుండా ఉండిపోయినా ఎలుక ఊరుకుంటుంది.

తలుపు కిర్రుమంది. అవ్వ.

"బాబూ, శుక్రవారం సీసాలు కడిగేటప్పుడు మూడో దాంట్లో గుడ్డ ఉంది. అన్నిటితోపాటు దాన్నీ వాసన లేకుండా వేడినీళ్లలో ఉడకబెట్టి, ఆరేసి పెట్టేశాను. పనికొచ్చేదా ఏంటి?"

మూడో సీసా వైపు చూస్తూ అడిగాను. "అవ్వా... గదిలో ఏమైనా వాసన వస్తోందా?"

ఆమె గుమ్మం దాటలేదు. "ఏది, మీ వెంట వచ్చేదా?" గొంతు తగ్గించింది. "మొదట్లో భయమేసేది బాబూ. రెండేళ్లయిందిగా, అలవాటైపోయింది."

గుండెల నిండా గాలి పీల్చాను. మళ్లీ పీల్చాను. నాకేమీ తెలియలేదు.